మినార్ అంటే దీపమే

సెలవుల్లో పిల్లలతో మచిలీపట్నం దగ్గర మంగినపూడి సముద్రతీరానికి వెళ్ళాం. అక్కడి లైట్‌హౌస్‌ను చూసి మా అమ్మాయి, "అబ్బా, ఇది మసీదు మినారా?" అని అడిగింది. నవ్వొచ్చింది గాని, పిల్ల తప్పేమీ అనలేదు. అరబ్బీలో 'మనార' అంటే దీపం వెలిగే చోటు.

ప్రాచీన లోకపు ఏడు వింతలలో ఒకటైన అలెగ్జాండ్రియా దీపస్తంభాన్ని 1326లో ఇబ్నె బతూతా చూసేనాటికే ఒకవైపు కూలి ఉంది. దాని దగ్గరలో అలాంటిదే కొత్తది కట్టించబూనిన సుల్తాను నాసిర్, పని పూర్తికాకుండానే 1341లో కాలంచేశాడు. 1349లో ఆ యాత్రికుడు మళ్ళీ వచ్చేసరికి పాతదాని లోపలికి పోవడానికే వీలులేకపోయింది. 1477లో సుల్తాను ఖాయిత్‌బే అదే చోట కోట మొదలుపెట్టాడు. దీపస్తంభం మాత్రం తిరిగి లేవలేదు.

సోదర సోదరీమణులారా! మన పెద్దలు పెట్టిన ఉర్దూ బడులు, కితాబ్‌ఖానాలు కూడా మనారలే. కొత్తవి తప్పక కడదాం. కాని పాతవాటికి ఒకవైపు బీటపడ్డప్పుడే మరమ్మతు చేయించుదాం.