రెండో పేరు

రంగు రావడం లేదు.

టెస్ట్‌ట్యూబులో కండరం నుంచి తీసిన రసం. ప్రోటీన్లు వడగట్టేశారు. ఆమ్లం కలిపిన మాలిబ్డేట్ పోశారు. రంగు తెప్పించే మందు చుక్కలు వేశారు. రక్తంతో ఇదే పని చేస్తే నిమిషాల్లో నీలం తేలుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు లెక్క. ఇప్పుడు మాత్రం ట్యూబులో ఉన్నది బట్టలు జాడించేసిన నీలిమందు నీళ్లలా ఉంది. కిటికీ అవతల బోస్టన్ చలి. గదిలో ఆమ్లం ఘాటు. గడియారం కదులుతోంది. కాసేపటికి రంగు కొంచెం చిక్కబడింది. ఇంకాసేపటికి ఇంకొంచెం. దాదాపు అరగంట గడిచేసరికి, ఇక రాదనుకున్న నీలం ట్యూబు నిండా నిలబడింది. మరి ఇంతసేపూ ఆ ఫాస్ఫరస్ ఎక్కడ దాక్కుంది?

ఆ బల్ల దగ్గర ఇద్దరు. ఒకాయన సైరస్ ఫిస్కె, హార్వర్డ్ మెడికల్ స్కూల్ అధ్యాపకుడు. రెండో ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివి, అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోగా, మామగారిచ్చిన డబ్బూ కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయమూ నమ్ముకుని, భార్య శేషగిరిని ఇంటి దగ్గర వదిలి, సముద్రాలు దాటి, 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగి, పగలు చదువుకుంటూ రాత్రుళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్లేలు కడిగి పొట్టపోసుకున్న మనిషి. మళ్లీ ఇంటి గడప తొక్కలేదు. ఆ సంగతి అప్పటికి ఆయనకూ తెలీదు.

వచ్చిన రెండేళ్లకే వ్యాసం అచ్చయింది. 1925. జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ. 66వ సంపుటం, 375వ పేజీ. ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి. కొలిచే యంత్రం డుబాస్క్ కలరీమీటర్. ఒక కన్ను మూసి గొట్టంలోకి చూస్తే గుండ్రటి వెలుగు రెండు సగాలుగా కనిపిస్తుంది. ఒక సగం తెలిసిన ఫాస్ఫరస్. రెండో సగం తెలియనిది. మర తిప్పాలి. రెండు సగాలూ ఒకే నీలమై, మధ్య గీత మాయమయ్యేదాకా తిప్పాలి. ఆ వ్యాసం నెత్తిన రెండు పేర్లు పడ్డాయి. ముందు ఫిస్కె. వెనక సుబ్బారావు. గురువుగారి పేరు ముందుండటంలో వింతేముంది? ఎవరూ పట్టించుకోలేదు. ఆ వరస ఖరీదెంతో తేలడానికి ఇంకా నలభై ఏళ్లుంది.

మళ్లీ ఆ ఆలస్యపు నీలం దగ్గరికి. పద్ధతి తప్పైతే రక్తంతోనూ తప్పు రావాలి. రాలేదు. అంటే కండరంలోనే ఏదో ఉంది. ఫాస్ఫరస్‌ని పట్టుకుని, ఆమ్లం తగిలాక మెల్లమెల్లగా వదిలిపెట్టే పదార్థం. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్ముతున్న రోజులవి. ఆ దారిలో పనిచేసిన హిల్‌కీ మయర్‌హాఫ్‌కీ 1922 నోబెల్ కూడా వచ్చింది. ఆ నమ్మకాన్ని కుదిపే సంగతి ఇప్పుడు ట్యూబులో ఉంది. సరిగ్గా అప్పుడే లండన్‌లో ఎగల్‌టన్ దంపతులు కూడా అదే పదార్థం వాసన పట్టారు. ఎవరు ముందు?

1927 ఏప్రిల్‌లో 'సైన్స్' పత్రికలో ఫిస్కె, సుబ్బారావుల వ్యాసం వచ్చేసింది. ఎగల్‌టన్‌లు దానికి ఫాస్ఫాజెన్ అని పేరైతే పెట్టారు గానీ, అందులో క్రియాటిన్ ఉందని తేల్చింది బోస్టన్ జంట. రెండేళ్లకి ఇంకో పందెం. జీవకణాలకు చేతిఖర్చు డబ్బులాంటి ఏటీపీ. జర్మనీలో కార్ల్ లోమన్ 1929 ఆగస్టులో ప్రకటించాడు. హార్వర్డ్ వ్యాసం అక్టోబరులో వచ్చింది. రెండు నెలల తేడా. పుస్తకాల్లో లోమన్ ముందుకెళ్లాడు. ఆ తర్వాత బల్ల మీద తేలినవి చాలానే ఉన్నాయి. అవి అచ్చుకే వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదు? అదే విభాగంలో చదువుకుని, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాత కుండబద్దలు కొట్టాడు. సుబ్బారావు వేరుచేసిన న్యూక్లియోటైడ్లు కొన్ని ఫిస్కె అసూయ వల్లే వెలుగు చూడలేదన్నాడు. ఏళ్ల తర్వాత వేరేవాళ్లు వాటిని మళ్లీ కనిపెట్టుకోవాల్సి వచ్చిందన్నాడు. ఫిస్కె మీద పళ్లు నూరడం తేలికే. కానీ ఈ కథలో పేరు కాజేసింది ఆయన ఒక్కడే కాదు. ఇంకొకటుంది. దానికి అసూయ లేదు, దురుద్దేశం లేదు, అసలు సుబ్బారావు ఎవరో కూడా తెలీదు.

అది రంగంలోకి దిగేలోపు చాలా జరిగింది. హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి వెళ్లాడు. పరిశోధన విభాగానికి పెద్ద అయ్యాడు. ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. ఆ వ్యాసం మీద పదహారు మంది పేర్లు. మొదటి పేరు యాంజియర్. సుబ్బారావుది మధ్యలో ఎక్కడో. 1947లో బోదకాలు మందు. బందరు దోమల్లో పెరిగినవాళ్లకి, దివిసీమ లంకల్లోవాళ్లకి బోదకాలంటే వివరం చెప్పక్కర్లేదు. డీఈసీ మాత్రలన్నా చెప్పక్కర్లేదు. ఆ మందు పురుగు మీద పనిచేస్తుందని చూపిన వ్యాసంలో మొదటి పేరు హెవిట్. చిట్టచివరి పేరు సుబ్బారావు. 1948 జూన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బృందం పసిపిల్లల లుకేమియాని కొన్నాళ్లపాటు వెనక్కి తగ్గించి చూపించింది. మందు అమినోప్టెరిన్. తయారైంది సుబ్బారావు అజమాయిషీలో. వ్యాసం మీద ఐదుగురి పేర్లు. ఆయన పేరు లేదు. ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే పోయాడు. 53 ఏళ్లు. లెక్క తేలకముందే మనిషి వెళ్లిపోయాడు.

ఫిలడెల్ఫియా. 1960ల మొదళ్లు. గది నిండా యంత్రాల టకటక. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన 1955లోనే ఒక ఊహ ప్రకటించాడు. ఏ తీర్పును తర్వాత ఏ కోర్టు ఉదహరించిందో అమెరికా లాయర్లు 1873 నుంచీ పట్టీ చూసుకుంటున్నారు. సైన్సుకి అలాంటి పట్టీ ఎందుకుండకూడదు? 613 పత్రికలు తెప్పించారు. ప్రతి వ్యాసం చివర ఉన్న ఆధారాల జాబితాను ఒక్కొక్కటే యంత్రానికి ఎక్కించారు. 14 లక్షల ఉదహరింపులు. ఇప్పుడొక గుమాస్తా ముందు ఒక వ్యాసం ఉంది. చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, ఫిస్కె అండ్ సుబ్బారావు, 1925. వేళ్లు మీటల మీద ఉన్నాయి.

ఫిస్కె సి.హెచ్. 25. జె బయోల్ కెమ్. 66. 375.

అంతే. తర్వాతి వరస.

నియమం అదే. ఉదహరించిన వ్యాసానికి మొదటి రచయిత పేరు మాత్రమే ఎక్కాలి. అందరి పేర్లూ ఎక్కిస్తే సంపుటాలు బరువెక్కుతాయి, ఖర్చు పెరుగుతుంది. కుట్ర కాదు, పొదుపు. ఫాస్ఫరస్ కొలిచే ప్రతి ప్రయోగశాల, మట్టి పరీక్ష చేసేవాళ్లు, ఎంజైములు చూసేవాళ్లు, ఎముకల జబ్బులు చదివేవాళ్లు, ఖండాలు దాటి వేల మంది ఆ 1925 వ్యాసాన్ని ఉదహరిస్తూ పోతుంటే, ఆ వేలూ ఒక్కటొక్కటిగా ఫిస్కె అన్న పేరు కింద వరసకట్టి, సుబ్బారావు అన్న పేరు కింద మాత్రం ఆయన తొలి రచయితగా రాసిన కొద్ది వ్యాసాలే మిగిలాయి. అత్యధికంగా ఉదహరించిన వ్యాసాల పట్టీని గార్‌ఫీల్డ్ 1970లలో వేసినప్పుడు 1925 వ్యాసం అందులో ఉంది. దాని పూర్తి వివరంలో ఇద్దరూ ఉన్నారు. కానీ 1977లో ఇంకో పట్టీ వచ్చింది. ఈసారి వ్యాసాలది కాదు, మనుషులది.

250 మంది. మొదటి రచయితలు మాత్రమే. ఆ లెక్కలో రెండో పేరు విలువ సున్నా. జనం గోల పెట్టారు. 1981లో అందరు రచయితల్నీ లెక్కేసి వెయ్యి మంది పట్టీ తెచ్చారు. న్యాయం జరిగినట్టేనా? లేదు. అది 1965 నుంచి వచ్చిన వ్యాసాలకే.

చిత్రమేమిటంటే, లెక్క మింగేసిన పేరును నోటిమాట నిలబెట్టింది. ప్రయోగశాలల్లో దాన్ని ఫిస్కె పద్ధతి అనలేదు. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి అన్నారు. బందరులోనో గుడివాడలోనో బయోకెమిస్ట్రీ చదివినవాళ్లు రికార్డు బుక్కులో ఆ పేరు రాసే ఉంటారు. అలా నోళ్లలో నానడంలోనూ ఒక నష్టం ఉంది. పద్ధతి అందరిదీ అయిపోయాక, పేరు చెప్పి వాడుకుంటారు, ఆధారాల జాబితాలో వ్యాసాన్ని చూపించడం మానేస్తారు. వాడకం పెరుగుతుంది, లెక్క ఆగిపోతుంది.

మరి ఇవాళ రెండో పేరు లెక్క ఎలా ఉంది? ఇప్పుడు మచిలీపట్నం. కృష్ణా విశ్వవిద్యాలయం కావచ్చు, గుడివాడలోనో అవనిగడ్డలోనో డిగ్రీ కాలేజీ కావచ్చు. ఫ్యాను కింద ఎగిరిపోతున్న కాయితాల మీద పేపర్‌వెయిట్ పెట్టి ప్రమోషన్ దరఖాస్తు నింపే లెక్చరర్ చేతిలో ఉండేది యూజీసీ 2018 పట్టిక. సైన్సు వ్యాసానికి 8 పాయింట్లు. ఇద్దరు రాస్తే ఇద్దరికీ 70 శాతం. ఇద్దరికంటే ఎక్కువమంది రాస్తే మొదటి రచయితకో, ప్రధాన రచయితకో, ఉత్తరాలు నడిపే కరస్పాండింగ్ రచయితకో 70 శాతం. మిగతావాళ్లకి తలా 30. పత్రిక స్థాయిని బట్టి కలిసే పాయింట్లు వేరే. ఇదే దరఖాస్తు సుబ్బారావు నింపితే?

1925 వ్యాసానికి 5.6. ఫిస్కెకీ అంతే. గార్‌ఫీల్డ్ గుమాస్తా ఇవ్వనిది యూజీసీ ఇచ్చింది, మెచ్చుకోవాలి. ఫోలిక్ ఆమ్లానికి 2.4. బోదకాలు మందుకి 2.4. కరస్పాండింగ్ రచయితగా తన పేరు వేసుకుని ఉంటే 5.6 అయ్యేది. లుకేమియా వ్యాసానికి ఏమీ రాదు, పేరే లేదు గనక.

ఈ కృష్ణా డెల్టాలో థీసిస్ రాస్తున్న పిల్లలకి ఒక్క మాట. ఫాస్ఫరస్ ఆ పద్ధతిలో కొలిస్తే, పద్ధతి పేరు చెప్పి వదిలెయ్యకండి. 1925 వ్యాసాన్ని జాబితాలో చూపించండి. చూపించేటప్పుడు ఫిస్కె, తదితరులు అని రాయకండి. అక్కడున్నది ఇద్దరే. రెండో పేరు కూడా పూర్తిగా రాయండి.