డయల్ లైటు ఎందుకు ఆర్పేసేవాళ్లు? పాత బ్యాటరీ రేడియోకి ఏ బల్బు పెట్టాలి?

ఈ ఎపిసోడ్ మా మార్కాపురం ఇంటి అటక మీద మొదలైంది. పాత పలకల కట్టల వెనక మా జేజినాయన రేడియో దొరికింది. ట్రాన్సిస్టర్ కాదు, అంతకుముందు కాలం నాలుగు వాల్వుల బ్యాటరీ సెట్టు. డయల్ వెనక చిన్న హోల్డర్, అందులో మాడిపోయిన బల్బు, పక్కన ఒక బటన్.

నేనేం చేశానంటే, టార్చిలైటు బల్బు పెట్టి, బటన్ తీసేసి డైరెక్టుగా కలిపేశా. డయల్ భలే వెలిగింది, రీల్ కూడా తీశా. కానీ రోజుకు రెండు గంటల లెక్కన పది రోజులు రావాల్సిన పెద్ద సెల్లు నాలుగో రోజుకే చచ్చింది. మా జేజి చూసి, "ఒరే అబ్బయ్యా, మీ జేజినాయన స్టేషను దొరికేదాకే ఆ బటను నొక్కేవాడురా, దొరగ్గానే వదిలేసేవాడు" అంది. బీటెక్ చదివింది నేను, పాయింటు చెప్పింది జేజి.

ఆ బటన్ వెనక పెద్ద కథే ఉంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది, కడప కేంద్రం 1963లో వచ్చింది. 1970 దాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. గాల్లో పాట వచ్చేసింది గానీ, చాలా పల్లెలకు కరెంటు స్తంభం రాలేదు. అందుకే బ్యాటరీ సెట్లు. వాటికి రెండు రకాల బ్యాటరీ కావాలి: వాల్వుల్లో ఫిలమెంట్లు వేడెక్కడానికి ఒకటిన్నర వోల్టు, పాట నడవడానికి 90 వోల్టుల ప్యాకు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ నాలుగు వాల్వుల ఫిలమెంట్లు అన్నీ కలిపి తాగేది 250 మిల్లీ ఆంపియర్లు, అంటే వాటులో మూడో వంతు. 90 వోల్టుల వైపు ఇంకో వాటు లోపే. కరెంటు రేడియోల్లో వాడే 47 నంబరు డయల్ బల్బు 6.3 వోల్టుల దగ్గర 150 మిల్లీ ఆంపియర్లు, దాదాపు ఒక వాటు! రేడియో మొత్తం తినేదాంట్లో సుమారు ముప్పాతిక భాగం ఒక్క దీపమే తినేస్తుంది. అందుకే చాలా కంపెనీలు బ్యాటరీ సెట్లలో లైటే పెట్టలేదు, పెట్టినా నొక్కితేనే వెలిగేలా బటన్ ఇచ్చాయి. రాత్రిపూట షార్ట్ వేవ్‌లో సిలోన్ వెతకాలంటే ముల్లు కనపడాలి కదా, అంతవరకే.

ఇంకో రకం సెట్లు కూడా ఉండేవి, 6 వోల్టుల కారు బ్యాటరీతో నడిచే వైబ్రేటర్ రేడియోలు. బ్యాటరీ దిగితే టౌనుకు మోసుకెళ్లి చార్జింగు పెట్టించుకోవాలి. ఆ సెట్టు ఎలాగూ పెద్ద తిండిపోతు, దానికి 47 నంబరు పెట్టినా ఏం కాదు. 44 నంబరు ఇంకా బాగా వెలుగుతుంది, కానీ 250 మిల్లీ ఆంపియర్లు, వేడి ఎక్కువ. ప్లాస్టిక్ డయల్ ఉంటే నేనైతే పెట్టను.

పాత బల్బు మీద నంబరు చెరిగిపోయిందా? ఫిలమెంటు తీగలు పట్టుకునే లోపలి గాజు పూస రంగు చూడండి. అమెరికన్ బల్బుల్లో గోధుమ రంగయితే 47, నీలమయితే 44, గులాబీ రంగయితే 49. ఈ 49 బల్బు 2 వోల్టులకు 60 మిల్లీ ఆంపియర్లే. మన నాలుగు వాల్వుల సెట్టుకు సరిపోయేది ఇదే. ఒకటిన్నర వోల్టు మీద కొంచెం మసగ్గా వెలుగుతుంది, ముల్లు కనపడటానికి చాలు. బల్బు కొనేటప్పుడు అందరూ వోల్టులు చూస్తారు, బ్యాటరీ రేడియోకి ముందు చూడాల్సింది మిల్లీ ఆంపియర్లు.

ఎల్ఈడీ పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. కానీ తెల్ల ఎల్ఈడీకి ఒకటిన్నర వోల్టు చాలదు. వోల్టేజి పెంచే చిన్న బోర్డులు పెడితే మీడియం వేవ్ అంతా గుయ్యిమని నాయిస్. మూడు పెన్సిల్ సెల్లులు విడిగా పెట్టి, 470 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే మూడు మిల్లీ ఆంపియర్లతో హాయిగా వెలుగుతుంది. పసుపు ఛాయ ఉన్నదే తీసుకోండి, తెలుపు ఆ డయల్ మీద ఆసుపత్రి లైటులా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం. నేను 90 వోల్టుల కోసం తొమ్మిది వోల్టుల బ్యాటరీలు పది వరసగా కలిపా. అది షాకు కొడుతుంది. ఆ వైరు పొరపాటున ఫిలమెంటు వైరుకు తగిలితే నాలుగు వాల్వులూ ఒక్క క్షణంలో మాడిపోతాయి. హోల్డర్ ముట్టుకునే ముందు రెండు బ్యాటరీలూ తీసేయండి.

నా సెట్టులో ఇప్పుడు 49 నంబరే ఉంది. తీసేసిన బటన్ మళ్లీ బిగించా, రాత్రి జేజే నొక్కి విజయవాడ పట్టింది.