రబీఉల్ అవ్వల్‌లో మొదటి సోమవారం: చరిత్రకారుల వార గణన

ఇస్లామీయ చరిత్రలో సంఘటనల కాలాన్ని నిర్ణయించే వారికి రెండు ఆధారాలు లభిస్తాయి: ఒకటి నెలలోని తేదీ, రెండవది వారం. ఈ రెండింటి బలం సమానం కాదు. తేదీ నెలవంకపై ఆధారపడుతుంది. ఒక ఊరిలో కనిపించిన నెలవంక మబ్బుల వల్ల మరొక ఊరిలో కనిపించకపోవచ్చును. అప్పుడు ఒకే రోజు ఒకచోట మొదటి తేదీ, మరొకచోట ముప్పయ్యవ తేదీ అవుతుంది. వారం విషయంలో ఇటువంటి భేదానికి తావు లేదు. జుమా నమాజు ఏడు రోజులకొకసారి జనాన్ని సమావేశపరుస్తుంది కనుక వారాల వరుస తప్పదు. అందుచేత తేదీకీ వారానికీ పొత్తు కుదరనప్పుడు విద్వాంసులు వారాన్ని ప్రమాణంగా ఉంచుకొని తేదీని పరిశీలించారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) పరమపదించిన తేదీని గురించిన చర్చ దీనికి చక్కని ఉదాహరణ.

ఈ చర్చకు మూడు ఉల్లేఖనాలు మూలం. హిజ్రీ 10వ సంవత్సరపు అంతిమ హజ్జ్‌లో అరఫాత్ దినం, అనగా జిల్ హజ్ 9వ తేదీ, శుక్రవారమని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పినట్లు బుఖారీలో ఉన్నది. దైవప్రవక్త (స) పరమపదించినది సోమవారమని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం వల్ల తెలుస్తున్నది. ఈ రెండు వారాల విషయంలో వివాదం లేదు. ఇక మూడవది తేదీ. ఇబ్నె ఇస్‌హాఖ్, వాఖిదీ మొదలైన వారు దానిని హిజ్రీ 11 రబీఉల్ అవ్వల్ 12 అని పేర్కొన్నారు. ప్రజలలో ప్రసిద్ధమైనది ఇదే. ‘బారా వఫాత్’ అనే పేరు కూడా దీని నుండి వచ్చినదే.

ఇబ్నె హిషామ్ రచించిన ప్రవక్త జీవితచరిత్రకు ‘అర్రౌజుల్ ఉనుఫ్’ అనే వ్యాఖ్యానం రాసిన అండలూసియా విద్వాంసుడు సుహైలీ (మరణం హిజ్రీ 581, క్రీ.శ. 1185) ఈ మూడూ ఒకచోట ఇమడవని చూపించాడు. ఆయన లెక్క సులభమైనదే. చాంద్రమాన మాసానికి 29 గాని, 30 గాని రోజులుంటాయి. ఏడుతో భాగిస్తే 29కి శేషం ఒకటి, 30కి శేషం రెండు. కనుక 29 రోజుల నెల తరువాత వచ్చే నెల ఒక వారం ముందుకు జరిగి మొదలవుతుంది. 30 రోజుల నెల తరువాత వచ్చేది రెండు వారాలు జరుగుతుంది.

జిల్ హజ్ 9 శుక్రవారమైతే ఆ నెల మొదటి తేదీ గురువారం. రబీఉల్ అవ్వల్‌కు ముందు జిల్ హజ్, ముహర్రం, సఫర్ అనే మూడు నెలలు గడవాలి. మూడూ 29 రోజులవైతే రబీఉల్ అవ్వల్ ఆదివారం మొదలవుతుంది. మొదటి సోమవారం 2వ తేదీన వస్తుంది. ఒకటి మాత్రమే 30 అయితే 1వ తేదీయే సోమవారం. రెండు 30 అయితే నెల మంగళవారం మొదలై, సోమవారం 7న పడుతుంది. మూడూ 30 అయితే నెల బుధవారం మొదలై, సోమవారం 6న వస్తుంది. మొదటి సోమవారానికి ఏడు కలిపితే రెండవ సోమవారం వరుసగా 9, 8, 14, 13 తేదీలలో వస్తుంది. ఏ విధంగా చూసినా 12వ తేదీ సోమవారం కాదు.

ఈ చిక్కుకు పరిష్కారాలు వేర్వేరుగా వచ్చాయి. అబూ మిఖ్నఫ్ ఉల్లేఖనంలో 2వ తేదీ ఉన్నది. అల్ ఖ్వారిజ్మీ 1వ తేదీ అన్నాడని, అదే లెక్కకు దగ్గరగా ఉన్నదని సుహైలీ రాశాడు. డమాస్కస్‌కు చెందిన ఇబ్నె కసీర్ (మరణం 1373) మాత్రం 12వ తేదీని సమర్థించాడు. మక్కావాసులు జిల్ హజ్‌ను గురువారం నుండి లెక్కించగా, మదీనాలో నెలవంక ఒక రోజు ఆలస్యంగా కనిపించి శుక్రవారం నుండి లెక్కించి ఉంటారని ఆయన వాదన. ఆపై మూడు నెలలూ 30 రోజులవైతే మదీనాలో రబీఉల్ అవ్వల్ గురువారం మొదలై 12వ తేదీ సోమవారమే అవుతుంది. ఇన్ని పూర్తి మాసాలు వరుసగా రావలసి ఉండటం ఇబ్నె హజర్ అస్ఖలానీకి (మరణం 1449) సబబుగా తోచలేదు. ‘సానీ షహ్ర్’ (నెలలో రెండవ రోజు) అనే మాటను ‘సానీ అషర్’ (పన్నెండవది) అని పొరబడి ఉంటారని ఆయన అభిప్రాయపడ్డాడు.

పుస్తకాలలో సాధారణంగా కనిపించే క్రీ.శ. 632 జూన్ 8 కూడా సోమవారమే. అరఫాత్ దినమైన మార్చి 6 శుక్రవారం నుండి అది 94వ రోజు. అయితే మక్కా లెక్కన అది 13వ తేదీకి ముందు పడదు. ఇబ్నె కసీర్ చెప్పిన మదీనా లెక్కననే 12 అవుతుంది.

ముప్పయ్యేండ్లలో పదకొండు అధిక దినాలు చేర్చి 10,631 రోజులుగా లెక్కించే గణిత పంచాంగం తరువాతి కాలంలో ఖగోళ శాస్త్రజ్ఞులకు ఎంతో ఉపకరించింది. కాని అది సగటు లెక్కయే గాని మదీనా ఆకాశంలో ఆ సాయంకాలం ఏమి కనిపించిందో చెప్పే సాక్ష్యం కాదు. ఆ పంచాంగం ప్రకారం హిజ్రీ 11 రబీఉల్ అవ్వల్ 12 ఆదివారమవుతుంది.

గణితం ఏ ఉల్లేఖనం నిజమో నిర్ణయించదు. ఏవి కలిసి నిలబడలేవో మాత్రం నిస్సందేహంగా చెబుతుంది. మిగిలినది ఉల్లేఖకుల ప్రామాణికతను తూచి తేల్చవలసిన విషయం. పూర్వ విద్వాంసులు ప్రసిద్ధమైన తేదీని సైతం ఈ విధంగా పరీక్షకు పెట్టారు. దానివల్ల ప్రవక్త (స) పట్ల వారి భక్తి ప్రపత్తులకు లోటు రాలేదు; చరిత్ర పట్ల వారి నిజాయితీ వెల్లడైంది.