చంద్రగిరి దొర సాళువ నరసింహుడు, కొండ కింద కాలవలు



తిరుపతికి పోతా చంద్రగిరి కోటను మనమంతా చూసినోళ్లమే. ఆ కోట నుంచి సీమను ఏలిన ఒక అధికారి చివరికి విజయనగరానికే రాజయినాడు. ఆయనే సాళువ నరసింహుడు. ఆయన కాలంలో మన రైతులకు పనికొచ్చే సంగతి ఒకటి జరిగింది. అందుకే ఇది రాస్తున్నా.

సాళువ అంటే వేటకు వాడే డేగ. ఆ వంశంలోని సాళువ మంగిరాజు కుమార కంపన వెంట మధుర దండయాత్రకు పోయిన వీరుడు. నరసింహుడికి మహామండలేశ్వరుడని బిరుదు. అంటే అప్పటికి రాజు కాదు, రాయల కింద సీమను చూసే పెద్ద అధికారి. కోట, సైన్యం, శిస్తు వసూలు ఆయన చేతిలో ఉండేవి.

హంపీలో అప్పుడు విరూపాక్షరాయలు. పాలన సడలింది. 1472లో గోవా బహమనీల పాలయింది. 1485లో రాయల్ని సొంత పెద్దకొడుకే చంపినాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసినాడు. తరువాత గద్దెక్కిన ప్రౌఢరాయలు, నరసింహుడి సేనాని తుళువ నరసానాయకుడు వస్తానే పారిపోయినాడు. అట్ల చంద్రగిరి దొర రాజయినాడు.

సైన్యం కోసం గుర్రాలు తెప్పించినాడు. సముద్రంలో చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపించినా డబ్బు ఇచ్చేవాడంట. అంత చేసినా ఆరేండ్లే ఏలి 1491లో పోయినాడు. ఇంకో పదిహేనేండ్లకు గద్దె తుళువ వాళ్లదైపోయింది.

ఇంక మన సంగతికొస్తాం. స్వామికి రోజూ నైవేద్యం జరగాలని భక్తులు ఆలయ శ్రీభండారంలో డబ్బు కట్టేవాళ్లు. ఆ డబ్బు పెట్టెలో పెట్టి దాచలేదు. దేవుడి మాన్యం ఊర్లలో చెరువులు బాగు చేయించి, కాలవలు తవ్వించేవాళ్లు. నీళ్లొస్తే పంట పెరిగేది, ఆ పెరిగిన పంటతో నైవేద్యం నడిచేది. కొండ మీది శాసనాల్లో ఈ ఏర్పాటు ఉంది. ఇది నరసింహుడు కనిపెట్టింది కాదు, అంతకుముందే ఉంది. ఆయన కాలంలో బాగా పెరిగింది. ఆయన కూడా కొండకు చాలా ఇచ్చినాడు. ప్రసాదంలో దాతకు నాలుగో వంతు వచ్చేది. తన వంతును ఆయన యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటానికి ఇచ్చేసినాడు.

ఆయన్ను దేవుణ్ణి చేయడం లేదు. అన్నమయ్యకు సంకెళ్లు వేయించినాడనే కథ కూడా ఈయన మీదే ఉంది. కానీ కాలవ తవ్వితే దేవుడికీ రైతుకీ ఇద్దరికీ కూడు దొరుకుతుందని ఆ కాలం వాళ్లకు తెలుసు.

మా ఊర్లో పోయినేడు చెరువుకట్ట మీది గుడికి రంగులేయడానికి ఇంటింటికీ చందా ఎత్తినాం. ఒక్క వారంలో డబ్బు పోగయింది. అదే చెరువుకు నీళ్లు తెచ్చే కాలవలో కంపచెట్లు మొలిచి పూడిపోయుంటే ఎవరూ ముందుకు రాలేదు. నేనూ రాలేదు. అందుకే వానలొచ్చినా చెరువు మొరవ పోలేదు.

ఈసారి చందా ఎత్తినప్పుడు సగం కాలవకు పెడదామని అడగబోతున్నా. మీ ఊర్లో చెరువు కాలవ ఎట్లుందో కింద రాయండి.