ఆకు రంగు మారితే తెగులా, కొత్త రకమా?



పోయిన వారం మన బెంగళూరు సంఘం వాట్సాప్ గుంపులో ఒక అక్కయ్య ఫోటో పెట్టారు. అమెరికాలో మంచు కురిసే ఊళ్ళో ఉన్న వాళ్ళ అమ్మాయి ఇంటి పెరడు అది. వెడల్పాటి ఆకుల మొక్క. ఆకులన్నీ నీలి ఛాయ ఆకుపచ్చ, ఒక్క పిలకలో మాత్రం ఆకు చుట్టూ పసుపు అంచు. "పీకెయ్యమనాలా?" అని అడిగారు. తెగులన్నవారు కొందరు, నీళ్ళు ఎక్కువయ్యాయన్నవారు కొందరు, దిష్టి అన్నవారు ఇంకొందరు. మేమూ ఆ రోజు తోచిందేదో చెప్పాం. తరువాత మొక్కల పిచ్చి ఉన్న మేం నలుగురం కూర్చుని చదివితే, ఆ పసుపు అంచు వెనుక పెద్ద చరిత్రే ఉందని తెలిసింది. అది మీతో పంచుకుంటున్నాం.

ఆ మొక్క హోస్టా. జపాన్, కొరియా, చైనాలు దాని పుట్టిళ్ళు. చలికాలమంతా నేలలో నిద్రపోయి వసంతంలో లేస్తుంది. మన బెంగళూరు చలి దానికి చాలదు, అందుకే ఇక్కడ మనకు కనబడదు. జపాన్‌లో దాన్ని గిబోషి అంటారు. అక్కడి పాత వంతెనల స్తంభాల మీద ఉల్లిగడ్డ ఆకారంలో ఉండే శిఖరానికి అదే పేరు. పూమొగ్గ అలాగే ఉంటుందని మొక్కకూ ఆ పేరొచ్చింది. లేత మొలకలను వాళ్ళు కూర వండుకుంటారు కూడా.

జపాన్ వాళ్ళకు రంగు మారిన ఆకులంటే ఎంత మోజో చెప్పడానికి రెండు పుస్తకాలు చాలు. 1827లో కింతా అనే ఆయన, 1829లో మిజునో తదతోషి అనే ఆయన, తెల్ల చారల, పసుపు మచ్చల మొక్కలను బొమ్మలతో సహా పుస్తకాలుగా అచ్చు వేయించారు. మనం పీకి పారేసే మొక్కను వాళ్ళు కుండీలో పెట్టి పూజించినంత పని చేశారు.

ఆ రోజుల్లో ఐరోపావాళ్ళలో డచ్చివారికి మాత్రమే జపాన్‌లో చోటు, అదీ నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న దీవిలో. మన మచిలీపట్నంలో, పులికాట్‌లో కోఠీలు పెట్టిన డచ్చి కంపెనీయే అక్కడా వ్యాపారం చేసింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు దాని ఓడల్లో జపాన్ దాకా వెళ్ళాయి. ఆ కంపెనీ వైద్యుడు కెంఫర్ 1690లో దెజిమా చేరి, హోస్టాను చూసి రాసుకున్న తొలి ఐరోపావాడయ్యాడు. కంపెనీ పోయిన తరువాత, 1823లో డచ్చి ప్రభుత్వ వైద్యుడిగా సీబోల్డ్ వచ్చాడు. నిషేధించిన దేశపటాలు దగ్గర ఉన్నాయని ఆయన్ను 1829లో వెళ్ళగొట్టారు. పోతూ పోతూ ఓడ నిండా మొక్కలు తీసుకుపోయాడు. ఐరోపా తోటల్లోకి హోస్టాలు ఎక్కువగా వచ్చింది ఆయన చేతి మీదుగానే.

ఇక అక్కయ్య అడిగిన పసుపు అంచు దగ్గరికి వద్దాం. 1936లో ఫ్రాన్సెస్ విలియమ్స్ అనే అమెరికా తోటల రూపశిల్పి కనెక్టికట్‌లో ఒక నర్సరీకి వెళ్ళారు. సీబోల్డ్ పేరున్న హోస్టా జాతి మొక్కలు వరుసగా ఉన్నాయి. వాటిలో ఒక్కదానికి పసుపు అంచు. ఆమె దాన్ని కొని తెచ్చుకున్నారు, పెంచారు, పిలకలు పంచారు. ఒకటి ఆక్స్‌ఫర్డ్ చేరింది, అక్కడి ఉద్యానంలో జార్జ్ రాబిన్సన్ దానికి ఆమె పేరే పెట్టారు. ఇప్పటికీ తోటల్లో 'ఫ్రాన్సెస్ విలియమ్స్' పేరు వినబడుతోందంటే, ఆ రోజు వరుసలో వేరుగా ఉన్నదాన్ని ఆమె చూసి ఆగినందుకే.

అసలు రంగు ఎందుకు మారుతుంది? మొక్క పెరిగే కొనలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. ఒక పొరలో ఒక కణం పత్రహరితం సరిగా చేయలేని స్థితికి మారితే, దాని సంతానమంతా అలాగే వస్తుంది. పై పొర మారితే అంచు, లోపలి పొర మారితే నడుమ తేలిపోతాయి. ఒకే ఆకులో రెండు రకాల కణాల కాపురం అన్నమాట. విత్తనం లోపలి పొర నుంచి వస్తుంది కాబట్టి పసుపు అంచు మొక్క విత్తనం నాటితే సాధారణంగా మామూలు ఆకుపచ్చ మొక్కే మొలుస్తుంది. అంచు నిలవాలంటే అరటికి చేసినట్టు పిలక విడదీసి నాటవలసిందే. మళ్ళీ పూర్తి ఆకుపచ్చ పిలక పుడితే దానికి బలమెక్కువ, పట్టించుకోకపోతే గుంపంతా అదే అల్లుకుపోతుంది.

అయితే రంగు మారిన ప్రతిదీ వరం కాదు. 1996లో మిన్నెసోటా శాస్త్రజ్ఞులు హోస్టాలకు వచ్చే ఒక వైరస్‌ను గుర్తించారు, దాని పేరు హోస్టా వైరస్ ఎక్స్. అప్పటికే 'బ్రేక్ డాన్స్', 'లూనసీ', 'లెపర్డ్ ఫ్రాగ్' వంటి మొక్కలు వింత రంగుల కొత్త రకాలుగా అమ్ముడుపోయాయి. తీరా చూస్తే ఆ రంగులు జబ్బువే. దానికి మందు లేదు. పిలకలు కోసే కత్తికి అంటిన రసంతో మొక్క నుంచి మొక్కకు పాకుతుంది. పోలిక ఇలా పట్టుకోవచ్చు: నిజమైన మార్పులో రంగు అంచునో నడుమనో పట్టుకుని ఆకు ఆకుకూ ఒకే తీరులో వస్తుంది. వైరస్‌లో ఈనెల వెంట సిరా ఒలికినట్టు పాకుతుంది, ఆకు ముడతలు పడుతుంది.

ఇది చదువుతుంటే మన సంగతే గుర్తొచ్చింది. తరాలుగా ఇక్కడున్న మన తెలుగులో కన్నడం కలిసింది. మనింట్లో ఆకుకూరలు "సొప్పు", భోజనం "ఊట". బెజవాడ నుంచి వచ్చిన చుట్టాలు "ఇదేం తెలుగు?" అని నవ్వితే మన పిల్లలు నోరు మూసుకుంటున్నారు. ఆ కలిసిన మాట తెగులు కాదు, మన అంచు. అది పుస్తకంలో నుంచి దానంతటది మొలవదు. ఇంట్లో మాట్లాడి చేతికందిస్తేనే పిల్లలకు చేరుతుంది. పిల్లలు నోరు మూసుకోవడమే మనం నిజంగా భయపడాల్సిన జబ్బు.

అక్కయ్యా, అమ్మాయికి చెప్పండి: పీకొద్దు. ముందు అనుమానం తీర్చుకోవాలి, వైరస్ పరీక్ష పట్టీలు అక్కడ దొరుకుతాయి. అంతదాకా ఆ కత్తితో వేరే మొక్క కోయకూడదు. జబ్బు లేదని తేలితే ఆ పిలకను విడదీసి వేరే కుండీలో నాటమనండి. వచ్చే వసంతంలో ఫోటో పెట్టండి, మేమంతా ఎదురుచూస్తుంటాం.