మాట చేరే దారి: యెరూషలేము పత్రిక నేర్పే పాఠం

సంఘాల్లో చాలా తగవులు సిద్ధాంతం దగ్గర మొదలుకావు. ఒక మాట కొందరికి చేరి, మరికొందరికి చేరకపోవడం దగ్గర మొదలవుతాయి. నాయకులు మాటను ఎలా నడిపించాలో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చూపిస్తుంది.

అక్కడి సమస్య చిన్నది కాదు. సున్నతి పొందకపోతే రక్షణ లేదని యూదయ నుండి వచ్చిన కొందరు అంతియొకయలో బోధించారు. అన్యజనులలో నుండి వచ్చిన విశ్వాసులు కలవరపడ్డారు.

మొదట, నాయకులు విన్నారు. సున్నతి కావాలన్న పరిసయ్య విశ్వాసులు కూడా తమ మాట చెప్పారు. బహు తర్కం జరిగాకే పేతురు లేచాడు. బర్నబా, పౌలు చెబుతుంటే అందరూ మౌనంగా ఆలకించారు. యాకోబు చివర మాట్లాడి, పేతురు మాటను గుర్తుచేసి, లేఖనాలతో సరిచూసి, తన అభిప్రాయం చెప్పాడు.

రెండవది, నిర్ణయాన్ని రాతలో పెట్టారు. ఆ పత్రిక చిన్నది. కలవరపెట్టినవారు తమలో నుండే వెళ్లారని ఒప్పుకొని, వారికి తాము ఏ అధికారమూ ఇవ్వలేదని స్పష్టం చేసింది. విసర్జించవలసినవి నాలుగే చెప్పింది.

మూడవది, పత్రికతోపాటు మనుషులనూ పంపారు. పౌలు, బర్నబా ఆ వివాదంలో ఒక పక్షం. అందుకే వారితో యూదా, సీల వెళ్లి అవే సంగతులు నోటిమాటగా తెలియజేశారు. అంతియొకయలో పత్రికను పెద్దల చేతిలోనే ఉంచలేదు, సంఘమంతటినీ సమకూర్చి అందించారు. వారు చదువుకొని ఆదరణ పొంది సంతోషించారు.

మందిర నిర్మాణ లెక్కలైనా, ఆరాధన వేళ మార్పు అయినా, కాపరి బదిలీ అయినా ఇదే క్రమం పనికొస్తుంది. వ్యతిరేకించేవారిని ముందు వినండి. తీర్మానాన్ని క్లుప్తంగా రాయండి. వాట్సాప్‌లో పెట్టి ఊరుకోక, ప్రశ్నలకు జవాబు చెప్పగలవారిని సంఘం ముందు నిలబెట్టండి. ఆఫీసులో పదిమందిపై అధికారిగా ఉన్న విశ్వాసికీ ఇది వర్తిస్తుంది. డ్యూటీ వేళలు మారితే, ఆ కబురు క్యాంటీన్ గుసగుసల్లో కాదు, ఆయన నోటనే వారు ముందుగా వినాలి.

అయితే అదే అధ్యాయం చివర, మార్కును వెంట తీసుకువెళ్లే విషయంలో పౌలు, బర్నబా తీవ్రంగా వాదించుకొని వేరైపోయారు. మంచి పద్ధతి ప్రతి భేదాన్నీ తుడిచివేయదు. కానీ పౌలు తర్వాత తిమోతికి రాస్తూ, అదే మార్కును తన పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని వెంటబెట్టుకొని రమ్మన్నాడు. నాయకుడు నేడు ఎంత గట్టిగా విభేదించినా, రేపు మళ్లీ పిలవడానికి దారి మూయకూడదు.