చెంచాకు లొంగని చేదు

మా యింటి వంటసాలలో ఇత్తడి ఫిల్టరొకటి యుండెడిది. తెల్లవాఱుజామున మా నాయనమ్మ దాని పైగిన్నెలో కాఫీపొడి వేసి, అదిమి, మరుగునీరు పోసి మూత పెట్టగా, క్రిందిగిన్నెలోనికి డికాక్షను చుక్కచుక్కగా దిగుచుండెడిది; ఆ పరిమళమే మమ్ము నిద్ర లేపెడిది. పెద్దలకు గ్లాసుల నిండ కాఫీ, పిల్లలకు పాలు. మేము మారాము చేసినచో, "నీకెందుకురా అప్పుడే కాఫీ? పాలలో చుక్క వేసి యిస్తాగా" అని, చెంచా అంచున రెండు చుక్కల డికాక్షను పాలలోనికి విడిచి, ఆ పాల తెలుపు విఱుగకమునుపే చేయి వెనుకకు తీసికొనెడిది. కెఫీనను మాటను ఆమె యెన్నడును విని యెఱుగదు. పసివారికి ఆ చేదు తగదని ఆమెకు ఆమె అత్తగారు చెప్పియుందురు. అంతకు మించిన ప్రమాణ మామె కక్కఱలేకపోయెను. తెలుగునాట పెక్కిండ్ల యందు ఒక తరముపాటు పిల్లలకును కాఫీకిని నడుమ నిలిచిన కావలి ఇట్టి చేయియే. ఆ చేతిలోని కొలత శాసనసభల కెక్కవలసిన అవసర మెట్లు కలిగెనో తెలిసికొనుటకు చాల వెనుకకు పోవలయును.

కాఫీకి నిద్రను తఱుము గుణము కలదని యెమెను దేశపు సూఫీ సాధకులు పదునైదవ శతాబ్దిలోనే గ్రహించి, రాత్రి జపములకు ముందు దానిని సేవించుచుండిరి. తరువాత దానిపై నిషేధములును పుట్టినవి. 1511లో మక్కా నగరమున ఖాయిర్ బేగ్ అను నధికారి కాఫీని బహిష్కరించెను. 1675 డిసెంబరు చివర ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ కాఫీశాలలన్నింటిని మూసివేయవలసినదని ప్రకటించి, ప్రజల యాగ్రహమునకు వెఱచి, పదిదినములు తిరుగునప్పటికే ఆ యాజ్ఞను ఉపసంహరించుకొనెను. ఐతే ఆ ప్రభువులకు పసివారి ఆరోగ్యమును గూర్చిన చింత యేమియు లేదు. కాఫీ చుట్టు గుమిగూడి రాజ్యవ్యవహారములు ముచ్చటించుకొను జనులను జూచియే వారు భయపడిరి. కావున మన కథకు ఆ నిషేధములు పీఠికలు కాజాలవు.

మన కథ 1819లో జర్మనీయందలి యేనా పట్టణమున మొదలగును. ఫ్రీడ్లీబ్ ఫెర్డినాండ్ రూంగె అను యువక రసాయనశాస్త్రజ్ఞుడు బెల్లడోనా మొక్క రసము పిల్లి కంటిలో వేసినచో కంటిపాప విప్పారునని కనుగొనగా, ఆ వార్త ఆచార్యుడైన డోబరైనరు ద్వారా మహాకవి గేటె చెవిని పడెను. ఆ వింతను స్వయముగా జూడవలెనని కవి కబురంపెను. ఎరవు తెచ్చుకొన్న కోటు తొడిగికొని, పిల్లిని చంకనిడుకొని, సంతవీథి జనులు వింతగా జూచుచుండ, రూంగె ఆ మహనీయుని యింటికి పోయెను. ప్రదర్శనమునకు సంతసించిన గేటె, ఆ దినములలో అపురూపమైన కాఫీగింజలను ఒక పెట్టెలో నుంచి యతని చేతికిచ్చి, వీనిని కూడ పరిశోధింపుమని పంపెను. ఆ గింజల నుండియే రూంగె తెల్లని, వాసనలేని, కడు చేదైన స్ఫటికములను వేఱుపఱచెను. 1821లో ఫ్రాన్సునందు రోబికే, పెల్లెత్యే, కావెంతూ అను రసాయనికులు వేఱుగా అదే ఫలమును సాధించిరి. 1827లో తేయాకు నుండి తీసి 'తేయీను' అని పేరిడిన పదార్థమును కాఫీలోని పదార్థమును ఒక్కటేయని 1838లో తేలెను. 1895లో ఎమిల్ ఫిషరు దానిని ప్రయోగశాలలోనే నిర్మించి చూపెను; ఇక దానికి గింజతోగాని, ఆకుతోగాని పనిలేకపోయెను.

ఈ విభజనము ఎంత గొప్ప విజ్ఞానకార్యమో, అంత పెద్ద మార్పు. గింజలో నున్నంతకాలము ఆ సారమునకు గింజయే సంకెల. నీరు కావలయును, వేడి కావలయును, చేదు నోర్చు నాలుక కావలయును; నాలుగు గ్లాసులు త్రాగునప్పటికి కడుపు చాలుననును, చేతులు వణకును. మితిమీఱినవానికి శరీరమే ముందుగా చెప్పును. పొడియైన సారమునకు అట్టి మందలింపు లేదు. స్వచ్ఛమైన కెఫీను పొడి ఒక టీచెంచాడు సుమారు ఇరువదెనిమిది కప్పుల కాఫీకి సమానమని అమెరికా ఆహార ఔషధ పాలనాసంస్థ లెక్కకట్టినది. అనగా ఇంచుమించు 3,200 మిల్లీగ్రాములు. పెద్దవానికి ఒక్కసారికి తగిన 200 మిల్లీగ్రాములు కొలువవలెనన్నచో ఆ చెంచాలో పదునాఱవ వంతు తీయవలయును. పదునాఱవ వంతును ఏ వంటింటి చెంచా చూపగలదు? ఉప్పు, పంచదార కొలుచు చేతితోడనే దానిని గూడ కొలిచినచో, ఆ చేయి తప్పుచేసినదో లేదో కంటికి తెలియదు. తెలుపు తెలుపువలెనే యుండును.

సారము గింజ నుండి విడివడిన పిమ్మట అది ఇతర పానీయములలోనికి ప్రవేశించుటకు ఎంతో కాలము పట్టలేదు. వ్యర్థమైన తేయాకు నుండి కెఫీను తీసి శీతలపానీయముల తయారీదారుల కమ్ముట అమెరికాలో ఒక పరిశ్రమయయ్యెను. అప్పుడు దానిని ప్రశ్నించినవాడు హార్వే వాషింగ్టన్ వైలీ. 1844లో ఇండియానాలో జన్మించి, వ్యవసాయశాఖయందలి రసాయన విభాగమునకు అధిపతియై, 1906 నాటి శుద్ధ ఆహార ఔషధ చట్టమునకు ముఖ్యకారకుడైనవాడు. కాఫీయు తేనీరును ఉత్తేజకములని తలిదండ్రు లెఱుగుదురు గావున పిల్లల కీయరనియు, సోడా దుకాణమున చల్లగా, తీయగా గ్లాసులో పోసి యమ్ము పానీయమున అదే పదార్థము కలిసియున్నదని ఎవరును ఎఱుగక పసివారిచేత త్రాగించుచున్నారనియు అతని వాదము. మా నాయనమ్మ చేతిలోని విచక్షణ అక్కడ దుకాణదారుని చేతిలో లేదన్నమాట.

1909 అక్టోబరులో అట్లాంటా నుండి టెన్నెసీ రాష్ట్రమందలి చాటనూగాకు తరలుచున్న కోకాకోలా సిరపును, నలుబది పెద్ద పీపాలను ఇరువది చిన్న పీపాలను, ప్రభుత్వ మధికారులు పట్టుకొనిరి. ఆ దేశపు న్యాయపద్ధతి ననుసరించి వ్యాజ్యమును వస్తువులపైననే వేయుదురు గావున, న్యాయస్థానపు కాగితములలో ప్రతివాదుల పేరు ఆ పీపాలదే. హానికరమైన కెఫీనును చేర్చిరనుట ప్రధానమైన యభియోగము. 1911 మార్చిలో చాటనూగాయందు న్యాయమూర్తి ఎడ్వర్డ్ టెఱీ శాన్ఫర్డ్ ఎదుట విచారణ సాగెను.

ఈ విచారణకొఱకై కంపెనీవారు పూనిక వహించి చేయించిన ప్రయోగమొకటి ప్రత్యేకముగా జెప్పుకొనదగినది. కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన యువ మనశ్శాస్త్రజ్ఞుడు హ్యారీ హాలింగ్‌వర్త్, ఫలము కంపెనీకి అనుకూలమైనను ప్రతికూలమైనను ప్రకటించుట తన హక్కని ముందుగా షరతు పెట్టి, భార్య లీటా తోడ్పాటుతో పని ప్రారంభించెను. మన్‌హటనులో అద్దెకు తీసికొన్న గదులలో పదునార్గురు వయోజనులను కూర్చుండబెట్టి, గొట్టపుమాత్రలలో కొన్నింట కెఫీనును కొన్నింట వట్టి పంచదారవంటి పదార్థమును నింపి, ఏ మాత్రలో నేమున్నదో మ్రింగువారికిగాని, పరీక్షించువారికిగాని తెలియకుండ ఏర్పఱచి, వ్రేళ్ల వేగమును, చేతి నిలుకడను, టైపు చేయు నేర్పును, రంగులను గుర్తించు త్వరితమును వారములకొలది కొలిచెను. మితమైన మోతాదు పనికి సాయపడుననియు, పెద్ద మోతాదులు నిద్రను చెఱచుననియు అతని ఫలము. ఆ కాలమునకు అంత శ్రద్ధతో, అంత నిజాయితీతో జరిగిన పరీక్ష మఱియొకటి లేదనుట అతిశయోక్తి కాదు. కాని వైలీ అడిగినది పిల్లలను గూర్చి. ఆ గదులలో కూర్చున్నవారందఱును పెద్దలు. పిల్లలపై పరీక్ష చేయుట ధర్మము కాదు, చేయరాదు కూడ. ఐనను పిల్లలను గూర్చిన ప్రశ్నకు పెద్దలను గూర్చిన సమాధానము దొరకినదని మఱచి, ఆ సమాధానముతోడనే లోకము చిరకాలము తృప్తిపడెను.

శాన్ఫర్డ్ న్యాయమూర్తి కెఫీను మంచిదో చెడ్డదో నిర్ణయించుటకు జూరీకి అవకాశమే యీయలేదు. పానీయపు మూలసూత్రములోనే కెఫీను కలదు గావున అది 'చేర్చిన' పదార్థము కాజాలదని చెప్పి వ్యాజ్యమును కొట్టివేసెను. 1912లో చట్టసభయందు కెఫీనును అలవాటుపఱచు ద్రవ్యముల జాబితాలో చేర్చవలెనని రెండు బిల్లులు వచ్చినను అవి చట్టములు కాలేదు; ఆ సంవత్సరమే వైలీ ఉద్యోగమును విడిచెను. 1916 మే 22న అత్యున్నత న్యాయస్థానమున న్యాయమూర్తి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ తీర్పు వ్రాయుచు, మూలసూత్రమున నున్నంతమాత్రమున చేర్చిన పదార్థము కాకపోదనియు, అది హానికరమా కాదా యను విషయము జూరీ విచారింపవలసినదే యనియు క్రిందికి తిప్పి పంపెను. ఆ విచారణ జరుగనే లేదు. 1917లో కంపెనీ ఖర్చులు చెల్లించి, కెఫీనును ఇంచుమించు సగమునకు తగ్గించుటకు సమ్మతించి రాజీపడెను. పండ్రెండేండ్లలోపు పిల్లల బొమ్మలను ప్రకటనలలో వేయకుండుట అనేక దశాబ్దములపాటు ఆ కంపెనీ పాటించిన నియమము. సీసాలోని కొలత తగ్గుటయు, ప్రకటనలో పసివాని ముఖము కనబడకుండుటయు చిన్న లాభములు కావు. ఐనను అడిగిన ప్రశ్నకు న్యాయస్థానమునుండి జవాబు రాలేదు.

1958 నాటి ఆహారచట్ట సవరణ ననుసరించి కోలా పానీయములలో నూటికి 0.02 వంతుల కెఫీను వఱకు సమ్మతమని అమెరికాలో నిర్ణయించిరి. ఈ హద్దు పానీయములకు మాత్రమే. 1994లో పోషకాహార పూరకములను గూర్చి వేఱొక చట్టము చేసి, వానిని ముందుగా అనుమతి పొందకయే అమ్మవచ్చునని సడలించినప్పుడు, కెఫీను పొడి ఆ ద్వారము గుండ బజారులోనికి వచ్చెను. కిలోల లెక్కన సంచులలో నింపి, ఇంటర్నెటులో ఎవ్వరికైనను పంపుచుండిరి. వయస్సు అడుగువాడు లేడు. కొలిచి యిచ్చువాడును లేడు.

2014 మే నెలలో ఒహాయో రాష్ట్రమున, పాఠశాల పట్టప్రదానోత్సవమునకు కొలది దినములే మిగిలియుండగా, పదునెనిమిదేండ్ల విద్యార్థి యొకడు ఆ పొడి తినుటవలన మృతిచెందెను. జూలైలో పాలనాసంస్థ హెచ్చరిక ప్రకటించెను. 2015లో ఐదు సంస్థలకు తాఖీదులు పంపెను. 2018 ఏప్రిలులో పెద్ద పరిమాణములలో గాఢమైన కెఫీనును నేరుగా ప్రజల కమ్ముట చట్టవిరుద్ధమని స్పష్టపఱచెను. ఈలోపల, 2015లో, ఇల్లినాయ్ రాష్ట్రము పదునెనిమిదేండ్లలోపువారికి కెఫీను పొడి నమ్మరాదని శాసనము చేసినది. అందలి సద్భావమును నేను శిరసావహింతును. ఐనను ఒక మాట చెప్పక తప్పదు: ఒహాయోలో పోయిన బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండియుండెను. ఆ శాసనము అప్పటికే అతని యూర నమలులో నున్నను, ఆ సంచి అతని చేతికి అందెడిదే. పదునాఱవ వంతు చెంచాను తేల్చుకొనలేని చేయి బాలునిదైననేమి, వృద్ధునిదైననేమి? ఆస్ట్రేలియావారు ఈ సత్యమును గ్రహించి, ఒక యువకుని మరణానంతరము 2019లో వయస్సుతో నిమిత్తము లేకయే, ఘనపదార్థములలో నూటికి 5, ద్రవములలో నూటికి 1 వంతునకు చేరిన కెఫీను ఆహారముల చిల్లర యమ్మకమును నిలిపివేసిరి. పొడి విషయమున అదియే సరియైన మార్గమని నా నిశ్చయము.

డబ్బాలలో వచ్చు శక్తిపానీయముల సంగతి వేఱు. ఇక్కడ వయస్సే కొలత. ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2015లో చెప్పినదేమనగా, పిల్లలకు దినమునకు శరీరభారమున కిలో యొక్కింటికి 3 మిల్లీగ్రాములు మించకుండుట మేలు. ముప్పది కిలోల పిల్లవానికి 90 మిల్లీగ్రాములన్నమాట. 250 మిల్లీలీటర్ల డబ్బా యొకదానిలోనే సుమారు 80 కలవు. లిథువేనియా 2014 నవంబరు 1 నుండి, లాట్వియా 2016 నుండి, పోలండు 2024 జనవరి 1 నుండి పదునెనిమిదేండ్లలోపువారికి వీని యమ్మకమును నిషేధించినవి.

మన దేశమున ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ ఇట్టి పానీయములలో లీటరునకు 145 మొదలు 300 మిల్లీగ్రాముల వఱకు కెఫీను ఉండవచ్చుననియు, పిల్లలకు తగదనియు, దినమునకు 500 మిల్లీలీటర్లు మించరాదనియు డబ్బాపై ముద్రింపవలెననియు నియమించినది. మొన్న మా వీథి చివర కిరాణా కొట్టులో అట్టి డబ్బా నొకదానిని చేతికి తీసికొంటిని. ఆ హెచ్చరిక ఇంగ్లీషున, చీమతలలవంటి అక్షరములలో, డబ్బా వంపున కలదు. దానిని చదువుటకు కళ్లజోడు తుడుచుకొని, వెలుతురులోనికి నాలుగడుగులు నడువవలసివచ్చెను. నేను చదువుచుండగనే, భుజమున పుస్తకాల సంచితో ఐదవ తరగతి పిల్లవాడొకడు వచ్చి, నోట్లు కౌంటరుపై నుంచి, అట్టిదే మఱియొక డబ్బా తీసికొని, మెట్లు దిగుచునే మూత తెఱచెను.